పండక్కి ఏమొచ్చిందో చెప్పుకుందాం, ఎంతదో వద్దు



సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి రోజు ఏ సెక్షన్‌లోనూ పాఠం సరిగా సాగదు. పిల్లల దగ్గర కబుర్లు అన్ని ఉంటాయి. ఎవరు ఏ ఊరికి పోయారు, ఎవరి మామ బెంగళూరు నుంచి వచ్చాడు, ఎవరికి ఏం కొనిపెట్టారు. సోషల్ టీచర్‌గా ఏటా ఈ కబుర్లు వింటుంటాను. వాటిలో ఒక వరుస ఉంటుంది. మొదటి ప్రశ్న "ఏమొచ్చింది?" రెండో ప్రశ్న "ఎంత?" ఇక మూడో ప్రశ్న ఉండదు. రెండోదానికి జవాబు రాగానే ఆ బహుమతి ముచ్చట అక్కడితో ముగుస్తుంది. స్మార్ట్ వాచీ వచ్చినవాడు పైమెట్టు మీద, జామెట్రీ బాక్సు వచ్చినవాడు కిందిమెట్టు మీద. తాత జేబులోంచి తీసి చేతిలో పెట్టిన పది రూపాయల బిళ్ళ గురించి ఎవరూ నోరు మెదపరు.

ఇది చిన్న విషయమని మీరు అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. మన క్యాంపస్‌లో ఫీజు కట్టే ఇళ్ళన్నీ ఒకేలా లేవు. ఉద్యోగస్తుల పిల్లలున్నారు, అంగళ్ళు నడిపేవాళ్ళ పిల్లలున్నారు, ఆదోని పత్తినీ పత్తికొండ టమోటానూ నమ్ముకున్న రైతుల పిల్లలున్నారు. వాన మొహం చాటేసిన ఏడాది టర్మ్ ఫీజు కోసం మెడలోది తాకట్టు పెట్టిన తల్లులున్నారు. అలాంటి ఇంటి పిల్లాడిని "ఎంత?" అని అడిగితే వాడికి రెండే దారులు. మాట దాటేయాలి, లేదా అబద్ధం చెప్పాలి. ఈ రెండూ మనం ఫీజు కట్టి నేర్పించాలనుకున్నవి కావు.

అందుకే ఈ నెల ఒక సూచన చేస్తున్నాను. వచ్చే పండగకు, అది ఉగాది కానీ రంజాన్ కానీ, మీ పిల్లల చేతిలో ఒక నాణెం పెట్టండి. దాంతోపాటు ఆ నాణెం ఎక్కడిదో రెండు మాటలు చెప్పండి. పాత నాణేలు పోగుచేసేవాళ్ళకు తమకు వచ్చిన బహుమతుల గురించి చెప్పుకునే ఒక మంచి పద్ధతి ఉంది. ఆ పద్ధతి మన పిల్లలకు అబ్బాలన్నదే నా కోరిక.

నాణేలు పోగుచేసేవాళ్ళు ఎలా చెప్పుకుంటారు?

నాణేలు పోగుచేసే ఇద్దరు పండగ తర్వాత కలిశారనుకోండి. "నాకొక నాణెం వచ్చింది" అని ఒకరంటే రెండోవారు వరుసగా అడిగేవి ఇవి: ఏ రాజుది, ఏ సంవత్సరం, ఏ టంకశాలలో కొట్టారు, రాగా వెండా, అరిగిందా అక్షరాలు కనిపిస్తున్నాయా, ఎవరిచ్చారు, వాళ్ళకెక్కడిది. ఇన్ని ప్రశ్నలయ్యాక ఎప్పుడో ధర మాట వస్తుంది. ఒక్కోసారి రాదు కూడా.

దీనికి కారణం వాళ్ళు డబ్బంటే గిట్టని మహానుభావులు కావడం కాదు. నాణెం మీద దాని విలువ అచ్చుగుద్ది ఉంటుంది. రూపాయి బిళ్ళ మీద "1" అని కనబడుతూనే ఉంది. విలువ అంతటితో సరి అయితే ఇక చెప్పుకునేదేముంది? చెప్పుకోవాల్సిందంతా ఆ అంకె పక్కన, వెనక, అంచున ఉంటుంది. ధర ఒక్కదానితో ముచ్చట ముగియని వస్తువు ఇది. పిల్లలకు ఈ అలవాటు చేయడానికి ఇంతకన్నా చవకైన సాధనం నాకు కనబడలేదు.

పండక్కి నాణేలు కానుకగా ఇవ్వడం ఇవాళ్టి ముచ్చట కాదు. రోమన్ చక్రవర్తి అగస్టస్ జీవితం రాసిన సూటోనియస్ ఒక సంగతి చెప్పాడు. డిసెంబరులో వచ్చే సాటర్నేలియా పండగకు ఆ చక్రవర్తి తనవాళ్ళకు బట్టలు, వెండి, బంగారంతో పాటు రకరకాల నాణేలు పంచేవాడట. వాటిలో పాత రాజుల నాణేలు, పరదేశపు నాణేలు కూడా ఉండేవట. కావలసినంత బంగారం ఉన్నవాడు కూడా ఒక పాత నాణేన్ని కానుకకు తగినదిగా ఎంచాడు.

మన దగ్గరికొస్తే, 15వ శతాబ్దంలో శ్రీనాథుడికి విజయనగర ప్రౌఢదేవరాయల ఆస్థానంలో కనకాభిషేకం జరిగింది. ఆ సత్కారాన్ని ఆయన పద్యంలో చెప్పుకున్నాడు. అందులో తన మీద కురిసినవి దీనారాలు, టంకాలు అని నాణేల పేర్లు చెప్పాడు. అంత పెద్ద కవి కూడా వచ్చిన కానుకను పేరుపెట్టి చెప్పుకున్నాడు. ఆ "దీనారం" అనే మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. కడప పిల్లలకు అది దగ్గరి చుట్టం.

మన కాళ్ళ కింద ఉన్నవి

మనది కరువు సీమ అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన పిల్లలకు ఈ నేల ఒకప్పుడు లోకంతో లావాదేవీలు నడిపిందని చెప్పాలి. రాజంపేట దగ్గర చెయ్యేటి ఒడ్డున ఉన్న అత్తిరాలలోనూ, నంద్యాలలోనూ రోమన్ చక్రవర్తుల నాణేలు దొరికాయి. మన మిరియాలకు, ముత్యాలకు, సన్నటి బట్టలకు అక్కడివాళ్ళు బంగారం, వెండి ఇచ్చి కొనుక్కున్న కాలం అది. రోమ్ సొమ్ము ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతోందని ఆనాటి రచయిత ప్లీనీ వాపోయాడు. సెస్టర్సు అంటే వాళ్ళ నాణెం. ఆ సొమ్ములో కొంత మన వాగుల ఒడ్డుకు చేరింది.

ఆదోని పిల్లలకు ఇంకో సంగతి. 1688లో ఔరంగజేబు సైన్యం ఆదోని కోటను పట్టుకున్నాక ఆ ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో అక్కడ టంకశాల నడిచింది. నాణేలు పోగుచేసేవాళ్ళు ఎక్కడ ఉన్నా "ఇంతియాజ్‌గఢ్" అని చదవగానే ఆదోని అని గుర్తుపడతారు. ఆదోని పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

టిప్పు సుల్తాన్ కూడా తన టంకశాలల ఊళ్ళకు కొత్త పేర్లు పెట్టాడు. మన పక్కనున్న గుత్తి ఫైజ్ హిసార్ అయింది. గుర్రంకొండ జఫరాబాద్ అయింది. ఆయన రాగి పైసల మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. చిన్నపిల్లలకు రాజుల పేర్లు గుర్తుండకపోయినా ఆ ఏనుగు గుర్తుండిపోతుంది.

ఇక శ్రీకృష్ణదేవరాయల వరహాలు. చిటికెన వేలి గోరంత బంగారు నాణెం, బరువు మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ. ఒకవైపు బాలకృష్ణుడి బొమ్మ, మరోవైపు నాగరి లిపిలో రాయల పేరు. వరాహం గుర్తు వల్ల వరహా అన్న పేరు వచ్చింది. దసరా రోజుల్లో వీధిబడి పిల్లలు అయ్యవారితో కలిసి ఇంటింటికీ తిరిగి పాడే పాటలో అయ్యవారి కోసం వరహాలు అడిగేవారు. రాయల సామ్రాజ్యం పోయి ఎన్నో తరాలైనా ఆయన నాణెం పేరు పిల్లల నోట్లో నిలిచింది. టీచర్ల జీతం వరహాల్లో ఇమ్మని నేను ఇప్పుడు అడగడం లేదు, ఆ పాట మీ పిల్లలకు ఒకసారి వినిపించమని మాత్రం అడుగుతున్నాను.

కువైట్ నుంచి వచ్చిన బిళ్ళ

కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌తో సంబంధం లేని వీధి అరుదు. నాయనో, అమ్మో, చిన్నాయనో అక్కడుంటారు. సెలవు మీద వచ్చినప్పుడు చాక్లెట్లు, సెంటు సీసాలు, ఫోన్లు తెస్తారు. వాటితో పాటు ప్యాంటు జేబులో నాలుగు ఫిల్సు బిళ్ళలు కూడా వస్తాయి. వాటిని ఎవరూ బహుమతిగా లెక్కపెట్టరు. అల్మారా సొరుగులో పడి ఉంటాయి.

ఆ బిళ్ళ తీసి పిల్లల చేతికివ్వండి. దాని మీద తెరచాప పడవ ఉంటుంది. చమురు పడకముందు కువైట్ బతికింది ఆ పడవల మీదే. ఆ పడవలు మన పడమటి తీరానికి వచ్చి కలప, బియ్యం తీసుకుపోయేవి. 1961 దాకా కువైట్‌లో చెల్లింది మన రూపాయే. గల్ఫ్ దేశాల కోసం 1959లో మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా నోట్లు కూడా వేసింది. 1961లో కువైట్ సొంతంగా దీనార్ తెచ్చుకున్నప్పుడు ఒక దీనార్‌కు 13 రూపాయల చిల్లర, అంటే సరిగ్గా పదమూడూ మూడోవంతు రూపాయల లెక్కన మార్చారు. దీనార్‌కు 1000 ఫిల్సులు. అయితే అప్పుడు రూపాయికి ఎన్ని ఫిల్సులు? ఏడో తరగతి పిల్లలను అడగండి. 75 అని వాళ్ళే తేలుస్తారు. ఇవాళ్టి రేటుతో అదే లెక్క మళ్ళీ చేయమనండి. మన ఊళ్ళవాళ్ళు అంత దూరం ఎందుకు పోతున్నారో ఆ రెండు అంకెల మధ్య తేడాలో కొంత అర్థమవుతుంది.

ఇప్పుడు దీనార్ అనే మాట సంగతి. రోమన్ల వెండి నాణెం పేరు డెనారియస్. ఆ మాటే అరబ్బుల దగ్గర దీనార్ అయింది, సంస్కృతంలో దీనారం అయింది. శ్రీనాథుడు చెప్పుకున్న దీనారం, కువైట్ నుంచి నాయన పంపే దీనార్ ఒకే మాట నుంచి వచ్చాయి. రెండు వేల ఏళ్ళ కింద అత్తిరాలకు రోమ్ సొమ్ము వచ్చింది. ఇవాళ అదే అత్తిరాల పక్కనున్న పల్లెలకు కువైట్ సొమ్ము వస్తోంది. అప్పుడు మన సరుకు పోయింది, ఇప్పుడు మన మనుషులు పోతున్నారు. నాయన దగ్గర లేని పండగ రోజున పిల్లాడి చేతిలో ఆ ఫిల్సు బిళ్ళ ఉంటే, వాళ్ళ నాయన ఎంత పెద్ద కథలో ఉన్నాడో వాడికి తెలుస్తుంది. ఆ బిళ్ళ ఎంతది అని ఇక ఏం అడుగుతాం?

మన మాటల్లో దాగిన నాణేలు

ఇంట్లో నాణెమే లేదనుకున్నా మన నోట్లో చాలా ఉన్నాయి. సీమలో డబ్బును "దుడ్లు" అంటాం. దుడ్డు ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. "డబ్బు" కూడా అంతే, అదీ రాగి నాణెమే. కాసు, రూక, పైసా అన్నీ నాణేల పేర్లే. ఒక్కో నాణెం చెల్లుబాటు పోయాక దాని పేరు మొత్తం సొమ్ముకు పేరుగా నిలిచింది. "చిల్లిగవ్వ లేదు" అంటాం. ఒకప్పుడు గవ్వలు కూడా చిల్లరగా చెల్లేవి.

"చిల్లికాణీ" మాటకు మాత్రం సాక్ష్యం ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో దొరుకుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 దాకా నడిమధ్య చిల్లి ఉన్న కాణీలు వేశారు. జేజి ట్రంకు పెట్టెలో ఒకటి ఉండే అవకాశం ఉంది. దొరికితే జేజినే అడగమనండి: కాణీకి ఏమొచ్చేది? అణాకు ఏమొచ్చేది? బేడ అంటే ఎన్ని అణాలు? పావలా అంటే పావు రూపాయి అని పిల్లలకు తెలుసు, అది నాలుగు అణాలని తెలియదు. రూపాయికి 16 అణాలు, 192 పైలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక రూపాయికి 100 అయింది. అణాల్లో కూడికలు నోటితో చేసిన తరం ఇంకా మన ఇళ్ళలో ఉంది. వాళ్ళను అడిగేవాళ్ళు లేరు, అంతే.

కడప ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. ఆ దొర కూర్చిన నిఘంటువు 1852లో వెలువడింది. రూక, కాసు, వరహా మాటలకు అర్థాలు అందులో పిల్లలతో వెతికించండి. ఒక ఆదివారం పూటకు మంచి పని.

ఇంకో పాత ఆల్బమ్ అవ్వ మెడలోనే ఉంటుంది. కాసులపేరు అంటే కాసులను పేర్చిన హారం. నాణేలను మెడలో వేసుకోవాలన్న ఆలోచన నుంచే ఆ నగ వచ్చింది. బ్యాంకు లాకర్లో పెట్టే ముందు ఒకసారి పిల్లలకు చూపించండి.

ఖర్చు లేని పని

దీనికోసం మీరు ఏమీ కొనక్కర్లేదు. కొనవద్దనే చెబుతాను. మీ జేబులో ఉన్న చిల్లర టేబుల్ మీద పోసి పిల్లలను సంవత్సరం అంకె కింద చూడమనండి. చిన్న నక్షత్రం ఉంటే ఆ నాణెం హైదరాబాద్ టంకశాలది. వజ్రం గుర్తు ఉంటే ముంబైది. చుక్క ఉంటే నోయిడాది. ఏమీ లేకపోతే కోల్‌కతాది. కర్నూలు కూరగాయల మార్కెట్లో చేతికొచ్చిన చిల్లర నాలుగు ఊళ్ళ నుంచి వచ్చిందని పది నిమిషాల్లో తెలుస్తుంది. నాలుగూ సంపాదించడానికి పిల్లలు వారం రోజులు అంగడికి మీకన్నా ముందు పరిగెత్తుతారు.

పది రూపాయల బిళ్ళ మాట కూడా చెప్పాలి. మన దగ్గర చాలా అంగళ్ళలో అది "చెల్లదు" అని వెనక్కి ఇస్తారు. చెల్లుతుంది. పది రూపాయల నాణెం 14 రకాల డిజైన్లలో వచ్చిందని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. తాత ఇచ్చిన బిళ్ళను అంగడిలో తిప్పికొడితే పిల్లాడు నొచ్చుకుంటాడు. వాడికి నిజం తెలిస్తే అంగడి మామకు వాడే చెప్పగలడు. పెద్దవాళ్ళకు చెప్పగలిగిన సంగతి ఒకటి తన దగ్గర ఉండడం పిల్లలకు పెద్ద బహుమతే.

పండగలకు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ నుంచి లక్ష్మీదేవి బొమ్మ ఉన్న వెండి బిళ్ళలు కొని ఇచ్చే అలవాటు కూడా మనకు ఉంది. మంచిదే. కానీ అది నాణెం కాదని పిల్లలకు చెప్పండి. మన దేశంలో నాణెం వేసే అధికారం ప్రభుత్వానికి ఒక్కదానికే ఉంది. వెండి బిళ్ళ విలువ దాని బరువులో ఉంటుంది. 2023 ఆగస్టులో ఎన్టీఆర్ శతజయంతికి వచ్చిన 100 రూపాయల నాణెం ఇంకో తరహా. దాని మీద 100 అని ఉంటుంది, అమ్మే ధర అంతకు చాలా ఎక్కువ, చిల్లరగా వాడటానికి అది రాలేదు. అంకె విలువ, లోహం విలువ, జ్ఞాపకం విలువ వేరువేరని ఈ మూడు బిళ్ళలు పక్కపక్కన పెడితే ఐదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది.

రెండు జాగ్రత్తలు. పాత నాణేన్ని చింతపండుతో తోమనివ్వకండి. రాగి చెంబుకు పనికొచ్చే పని నాణేనికి చేటు, పైపొర పోయి అక్షరాలు అరుగుతాయి. పొడి బట్టతో మెల్లగా తుడిచి కాగితం కవరులో పెడితే చాలు. ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పాపలుంటే నాణేలు వాళ్ళకు అందకుండా చూడండి.

"ఎంత?" అనే ప్రశ్న ఎక్కడిదాకా పోతుంది

నాణేల మాట ఎత్తగానే కొందరు తల్లిదండ్రులు ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తారు. ఫలానా బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు లక్షలు ఇస్తామని అందులో ఉంటుంది. ఫోన్ చేస్తే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు, తర్వాత పన్ను అంటారు, తర్వాత ఆ నంబరు పలకదు. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల కొనుగోలు పేరిట కమీషన్లు అడుగుతున్నారని, తనకు అలాంటి వ్యాపారంతో సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఎవరైనా ఇప్పటికే సొమ్ము పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. సెలవుల్లో మన ఫోన్ పిల్లల చేతిలోనే ఉంటుంది కాబట్టి ఈ మాట వాళ్ళకూ చెప్పి ఉంచండి.

మన సీమలో ఈ ఆశకు నేల మెత్తగా ఉంటుంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతుకుతారు. ఒకరిద్దరికి దొరుకుతాయి, వందల మంది ఉత్త చేతులతో ఇంటికి పోతారు. వానల మీద బతికే నేల అదృష్టం మీద ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదు. ఆ ఆశను పట్టుకుని మోసం చేసేవాళ్ళను మాత్రం పిల్లలు గుర్తుపట్టగలగాలి.

ఇంకా చేటు చేసేది గుప్తనిధుల వేట. పాత గుళ్ళలో, కోటల్లో రాత్రిపూట తవ్వి విగ్రహాలు పెకలించిన వార్తలు మన పేపర్లలో తరచూ చూస్తాం. వాళ్ళను నడిపిందీ "ఎంత?" అనే ప్రశ్నే. అలా తవ్వి తీసిన నాణెం ఏ కుండలో ఉంది, ఏ గోడ కింద ఉంది, పక్కన ఏముంది అన్నది చెరిగిపోతుంది. అది చెరిగాక మిగిలేది బరువుకు సరిపడా లోహం. నంద్యాల, అత్తిరాల నాణేల గురించి నేను పైన రాయగలిగానంటే అవి ఎక్కడ దొరికాయో ఎవరో రాసిపెట్టబట్టే. దుక్కి దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో పాత నాణేలు బయటపడితే ఏం చేయాలో 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతుంది. దొరికిన వాటి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పొలాలున్న ఇళ్ళ పిల్లలకు ఇది తెలిసి ఉండటం మంచిది.

ర్యాంకు వస్తుందా?

ఈ మాట పేరెంట్స్ మీటింగులో తప్పకుండా వస్తుంది కాబట్టి ఇక్కడే చెబుతాను. నాణెం వల్ల ర్యాంకు రాదు. ఫౌండేషన్ పరీక్షలో దీనికి మార్కులు లేవు. ఒకటి రెండు లెక్కలు, కొంత చరిత్ర, కొంత భూగోళం దానంతట అది వస్తాయి, కానీ వాటి కోసం నేను ఇది అడగడం లేదు. వీకెండ్ టెస్టు మొదలు ఫైనల్ దాకా మన పిల్లలు ఏడాదంతా అంకెల్లోనే ఉంటారు. పండగ పూట కూడా వాళ్ళకు వచ్చిన ప్రేమను అంకెతోనే కొలుచుకోవాలా? నా అభ్యంతరమల్లా అదే.

మరి ఖరీదైన బహుమతులు ఇవ్వకూడదా అంటే, ఇవ్వండి. సైకిలు అవసరమైన పిల్లాడికి సైకిలే కావాలి. రోజంతా అంగట్లో ఉండే నాయన, కువైట్లో ఉండే అమ్మ తమ కాలం ఇవ్వలేక వస్తువు ఇస్తారు. అందులోనూ ప్రేమే ఉంది. ఆ వస్తువుతో పాటు ఒక మాట కూడా ఇవ్వమంటున్నాను. "ఇది నేను ఫలానా చోట చూసి నీకోసం తెచ్చాను" అన్న మాట ఉంటే స్మార్ట్ వాచీకి కూడా ఒక కథ వస్తుంది.

వచ్చే పండక్కి

ఉగాది, రంజాన్ వస్తున్నాయి. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు కూడా వచ్చి దణ్ణం పెట్టుకుపోయే జిల్లా మనది. రంజాన్‌కు పెద్దలు పిల్లలకు ఈదీ ఇస్తారు. భోగి నాడు చాలా ఇళ్ళల్లో రేగుపండ్లతో పాటు చిల్లర కలిపి పాపల తల మీద పోస్తారు. అన్ని మతాల ఇళ్ళలోనూ పండగ పూట పిల్లల చేతిలో నాణెం పడటం ఉంది. కొత్తగా తెచ్చిపెట్టుకోవాల్సిందేమీ లేదు.

మీరు చేయాల్సింది ఇంతే. ఒక నాణెం. ఇంట్లో ఉన్నదే, పాతదైనా కొత్తదైనా. ఏదీ లేకపోతే ఈ ఏడాది రూపాయి బిళ్ళ. ఒక కాగితం కవరు. దాని మీద ఇచ్చినవాళ్ళు తమ చేతిరాతతో మూడు ముక్కలు రాయాలి: ఎవరిచ్చారు, అది తమకు ఎక్కడిది, ఏ పండక్కి ఇచ్చారు. జేజికి రాయడం రాకపోతే ఆమె చెబుతుంటే పిల్లలే రాయాలి. పదేళ్ళ తర్వాత ఆ కవరే నాణెం కన్నా విలువైనదవుతుంది.

బడి తరఫున నేను కోరేది సెలవుల తర్వాత ఒక్క పీరియడ్. పిల్లలు తమకు వచ్చిన నాణెం తెచ్చి దాని గురించి రెండు నిమిషాలు చెబుతారు. ఒకే నియమం, ధర చెప్పకూడదు, అడగకూడదు. మార్కులు, ప్రైజులు, సర్టిఫికెట్లు, చార్టులు ఏవీ వద్దు. పోటీ పెడితే మరుసటి రోజే ఆన్‌లైన్‌లో వెండి నాణేలు ఆర్డర్ పెట్టే ఇళ్ళు కొన్ని ఉంటాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. బంగారు కాసున్న ఇంటి పాప, చిల్లికాణీ ఉన్న ఇంటి బాబు ఒకే బల్ల ముందు నిలబడి చెప్పే పీరియడ్ అది. ఎవరి దగ్గర మంచి కథ ఉంటే వాళ్ళ చుట్టూ పిల్లలు మూగుతారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర పాత నాణెం, దాని వెనక సంగతి ఉంటే ఈ లోపే అడిగి రాసిపెట్టుకోండి. అణాల్లో లెక్క కట్టినవాళ్ళు ఇప్పుడు డెబ్భై దాటినవాళ్ళు. వాళ్ళను అడగడానికి ఈ ఉగాది మంచి రోజే.